మనస్సాక్షి ఒక్కటే చాలదు

నూటపన్నెండేళ్ల ఎడబాటు తర్వాత గోల్ఫ్ మళ్లీ ఒలింపిక్స్‌లోకి వచ్చి ఈ ఆగస్టుకు పదేళ్లు. 2016లో రియోలో ఆడాలంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిబంధనలకు తల ఒగ్గక తప్పలేదు. తన పెద్దమనిషి తరహాయే తనకు రక్ష అని అంతకుముందు చాలాకాలం ఈ ఆట నమ్మింది. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1925 అమెరికా ఓపెన్‌లో తన బంతి కాస్త కదిలిందని, ఎవరూ చూడకపోయినా, గోల్ఫర్ బాబీ జోన్స్ తనంతట తానే ఒక స్ట్రోకు జరిమానా వేసుకున్నాడు. ఆ ఒక్క స్ట్రోకూ లేకుంటే టైటిల్ అతనిదే. చివరికి ప్లేఆఫ్‌లో విల్లీ మెక్‌ఫార్లేన్ చేతిలో ఓడిపోయాడు. అలాంటి ఆటలో మూత్ర పరీక్షలేమిటని పెద్దలు నొచ్చుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు.

కండబలంతో పనిలేని ఆటకు మందులెందుకన్న వాదన మాత్రం నిలవదు. చివరి గ్రీన్ మీద నాలుగడుగుల పుట్ మిగిలిన ఆటగాణ్ని గమనించండి. గుండె దడదడలాడుతుంది, వేళ్ల కొసల్లో సన్నటి వణుకు. పుటర్ ముఖం వెంట్రుకవాసి తిరిగినా బంతి హోల్ అంచు తాకి పక్కకు పోతుంది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మాత్ర అడ్రినలిన్‌ను అడ్డుకుని సరిగ్గా ఆ దడనూ ఆ వణుకునూ తగ్గిస్తుంది. షూటింగ్, విలువిద్యలతో పాటు గోల్ఫ్ పోటీల్లోనూ దాన్ని నిషేధించింది అందుకే. ఇక దూరం కొట్టడానికి, గాయం నుంచి త్వరగా తేరుకోవడానికి స్టెరాయిడ్లు, గ్రోత్ హార్మోన్ ఉండనే ఉన్నాయి.

గోల్ఫర్లు మందులు వాడుతున్నారని 2007లో కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ వేళ గోల్ఫ్ దిగ్గజం గ్యారీ ప్లేయర్ బాహాటంగా చెప్పారు. మరుసటి ఏడాది జులైలో అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ పరీక్షలు మొదలుపెట్టింది. గ్రోత్ హార్మోన్‌ను పట్టే రక్తపరీక్షలు మాత్రం 2017లో గానీ రాలేదు. తొమ్మిదేళ్లు వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టే! పరీక్షలు చాలవని 2016లో అగ్రశ్రేణి గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ చెప్పింది అక్షరాలా నిజం.

ఈ అరకొర విధానం ఎవరిని బాధించిందో చూడండి. 2009లో అందరికంటే ముందు సస్పెండైన గోల్ఫర్ డగ్ బ్యారన్ గుండె కవాట సమస్యకు ఏళ్ల తరబడి మందు వాడుతున్న మనిషి. 2013లో జింక కొమ్ముల స్ప్రే వాడానన్న విజయ్ సింగ్‌పై తొందరపడి చర్య తీసుకున్న టూర్, ఆ స్ప్రే నిషిద్ధం కాదని వాడా చెప్పాక వెనక్కి తగ్గింది. ఆయన కోర్టుకెక్కారు, ఆ వ్యాజ్యం 2018లో గానీ రాజీతో ముగియలేదు. 2015లో స్కాట్ స్టాలింగ్స్ ఏ పరీక్షలోనూ దొరక్కుండానే, తాను వాడిన డీహెచ్ఈఏ అనే హార్మోన్ నిషిద్ధమని తెలిసి తానే వెళ్లి చెప్పాడు. మూడు నెలలు ఆటకు దూరమయ్యాడు. జోన్స్ వారసుడంటే అతనే.

అలాంటి నిజాయతీపరుడికి పక్కన ఆడేవాడి మీద భరోసా ఇవ్వగలిగేది పరీక్ష ఒక్కటే. గోల్ఫ్ పెద్దలకు మా విన్నపం ఇదే: చెప్పాపెట్టకుండా పరీక్షలు జరపండి, ఏటా ఎన్ని చేశారో లెక్క బయటపెట్టండి, శిక్షించే అధికారాన్ని టూర్ చేతుల్లోంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగించండి.