ఫోను నెన్నుకొనుచున్న దెవరు?

మన పట్టణములలోని కళాశాలల ముంగిళ్లలోను, కార్యాలయముల కాంటీనులలోను, పెండ్లి పందిళ్ల క్రిందను నేడొక వాదము తరచుగ వినవచ్చుచున్నది. ఐఫోను మేలా, ఆండ్రాయిడు ఫోను మేలా? ఇరుపక్షములవారును తమ పక్షమును విడువరు. ఐఫోను చేతబట్టినవాడు తక్కినవారిని లోభులనియు, వెనుకబడినవారనియు తలచును. ఆండ్రాయిడువా డాతనిని డాంబికుడని నవ్వును. ఇట్టి కబుర్లకు సంపాదకీయ మెందులకని కొందరు పాఠకు లడుగవచ్చును. కాని యొక గుమాస్తా రెండు మూడు నెలల జీతము నొక యాఱంగుళముల పలకపై వ్యయము చేయుచున్నప్పుడు, ఆ పలకకై సామాన్య కుటుంబములు వాయిదాల ఋణములో దిగుచున్నప్పుడు, ఆ పలకయే మనకు బ్యాంకును, తపాలాపెట్టెయు, ఫోటోల పెట్టెయు, పిల్లల పాఠశాలయు నైనప్పుడు, ఇది వట్టి కబురు గాదు. జనులొక ఫోనును కోరి యింకొక ఫోనును వలదనుట కసలు కారణము లేవియో విచారించుట మన ధర్మము.

ఈ రెండింటి భేదము పుట్టుకలోనే యున్నది. 2007 జనవరి 9వ తేదీన ఆపిల్ సంస్థ పక్షమున స్టీవ్ జాబ్సు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోనును లోకమునకు జూపెను. ఆ యేడు నవంబరులోనే గూగుల్ సంస్థ, తాను 2005లో కొనియున్న ఆండ్రాయిడును పెక్కు కంపెనీల కూటమితో గూడి ప్రకటించెను. దానితో నడచు మొదటి ఫోను 2008లో బజారునకు వచ్చెను. ఐఫోనుకు దేహమును, ప్రాణమును నొక్క సంస్థయే కల్పించును. ఆండ్రాయిడుకు ప్రాణము గూగులు సమకూర్చగా, దేహమును శాంసంగు, షావోమి, వివో, మోటరోలా మున్నగు పలువురు కల్పింతురు. తక్కిన గుణదోషములలో ననేక మీ యొక్క భేదమునుండియే పుట్టినవి. ఒక్కరి చేతిలో నున్నది గనుక ఐఫోను నడక యొకే తీరుగ నుండును. అప్‌డేట్లు అన్నిటికి నొకేసారి యందును. పాతబడినను మంచి ధర పలుకును. పలువురి చేతిలో నున్నది గనుక ఆండ్రాయిడు ఎనిమిది వేలకును దొరకును, లక్షకు మించియు దొరకును. కొనువాని యవసరమును బట్టి పెద్ద బ్యాటరీయో, మంచి కెమేరాయో, మెమొరీ కార్డు పెట్టు చోటో కలిగియుండును. రెండును ప్రయోజనకరములే. ఒకదానిని సర్వోత్తమమనియు, ఇంకొకదానిని నికృష్టమనియు ననుట విచారణ చేయనివారి మాట.

అట్లయిన జనుల యిష్టమును నిర్ణయించుచున్న దేది? మొదటిది రొక్కము. 2008 ఆగస్టులో ఐఫోను మనదేశమున నమ్మకమునకు వచ్చినప్పుడు దాని ధర 31,000 రూపాయలు. నాటి సామాన్య గృహస్థున కది ఫోను ధరగాదు, నాలుగైదు నెలల కుటుంబ వ్యయము. తరువాత 2014లో చైనానుండి షావోమి వచ్చెను. 2016 సెప్టెంబరులో జియో సేవలు వచ్చి ఇంటర్నెట్టు వెలను నేలకు దించెను. పదివేలలోపు ఫోనుతో లోకమంతయు కన్నుల యెదుట నిలువజొచ్చెను. నేడు మనదేశమున పది స్మార్టుఫోనులలో తొమ్మిదింటికి మించి ఆండ్రాయిడువే. అమెరికాలోనో, సగమునకు మించి ఐఫోనులు. అమెరికావాని కన్ను, మనవాని కన్ను వేఱువేఱు తీరుల సృష్టింపబడినవా? కాదు. అచ్చటి జీతము వేఱు, ఇచ్చటి జీతము వేఱు. మనము రుచి యనుకొనుచున్నది పెక్కు పట్ల సంచిలోని బరువే. కావున ఆండ్రాయిడు పట్టుటలో సిగ్గుపడవలసినది లేదు. ఐఫోను పట్టుటలో గర్వపడవలసినదియు లేదు.

రెండవది పరిసరము. అమెరికాలో ఐఫోనునుండి ఐఫోనుకు బోవు సందేశము నీలిరంగు గడిలో కనబడును. ఆండ్రాయిడుతో నడచినది పచ్చరంగు గడిలో కనబడును. ఈ రంగుల భేదమును పట్టుకొని యచ్చటి యువకులు పచ్చగడివానిని తమ గోష్ఠినుండి వెలివేయుచున్నారన్న మాట, 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఆపిల్‌పై వేసిన గుత్తాధిపత్యపు వ్యాజ్యములో సైత మెక్కినది. మనదేశమున నెల్లరును వాట్సాపులోనే మాటలాడుకొందురు గనుక నీ రంగుల వెలి మనకు సోకలేదు. కాని మన వెలి వేఱొక రూపమున నున్నది. హాస్టలు గదిలో నలుగురి చేత నొకటే గుర్తున్నప్పుడు అయిదవవాడు తండ్రికి జాబు వ్రాయును. పెండ్లిచూపులలో ఫోను నుంచిన తీరును జూచి వరుని సంపాదన నంచనా వేయువారును గలరు. మఱి కొన్ని యిండ్లలో ఈ యిష్టము సముద్రముపై నుండి వచ్చును. డల్లాసులోనో, న్యూజెర్సీలోనో యున్న కుమారుడు సెలవులకు వచ్చుచు తన పాత ఐఫోనును తల్లి చేతిలో బెట్టును. మనుమరాలి ముఖము ఫేస్‌టైములో కనబడుచున్నంతకాల మా తల్లికి తక్కిన ఫోనులతో పనిలేదు. ఆమె యెన్నుకొనినది ఫోనును గాదు, మనుమరాలిని. దీనిని డంబమనువా డెవడు?

మూడవది యలవాటు. ఇచ్చటనే చిక్కున్నది. కొను దినమున మన మెన్నుకొందుము. మఱుసటి దినమునుండి ఫోను మనలను పట్టుకొనును. అయిదేండ్ల ఫోటోలు, వెలయిచ్చి కొనిన యాప్‌లు, చేతి గడియారము, చెవి పరికరములు, సంకేతపదములు, వ్రేళ్లకు నేర్పిన నడక, ఇవన్నియు కలసి యొక గోడ కట్టును. ఆ గోడలోపల సుఖము గలదు. కాని వెలుపలికి బోవుటకు ద్వార మిఱుకైనచో అది సుఖమో బంధమో యోచింపవలసియుండును. ఐఫోను గోడ యెత్తైనది, కంటికి గనబడును. దాని చార్జింగు రంధ్రము సైతము చిరకాలము తక్కినవాటితో గలియక, ఐరోపా సమితి అన్నిటికి నొకే విధమైన రంధ్రముండవలెనని శాసించిన తరువాతనే 2023లో లోకముతో గలిసెను. ఆండ్రాయిడు గోడ కనబడదు, అంతియ. ఫోను చేయు కంపెనీలపై గూగుల్ సంస్థ తన యాప్‌లను బలవంతముగ మోపుచున్నదని మన కాంపిటీషన్ కమీషను 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జుల్మానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు కొన్ని యాజ్ఞలను కొట్టివేసినను, జుల్మానాను స్థిరపఱచెను. కావున స్వేచ్ఛ మా పక్షముననే యున్నదని చెప్పుకొను హక్కు ఉభయులకును లేదు.

ఇక భాష. పైని చెప్పిన వాదములలో దీనిని ప్రస్తావించువారు మాకు మిక్కిలి యరుదుగ గనబడుచున్నారు. తెలుగువానికి ఫోను తెలుగున మాటలాడవలదా? 2014లో వెలువడిన ఆండ్రాయిడు 5.0లో తెలుగు చేరినది. నాటినుండి పల్లెలోని రైతు తన ఫోనులోని పట్టికలన్నిటిని తెలుగుననే చదువుకొనగలిగెను. ఐఫోనులో ఆ మర్యాద మన భాషకు దక్కుటకు చాల యేండ్లు పట్టెను. ఈ సందర్భమున 2018 ఫిబ్రవరిలో జరిగిన యొక విచిత్రమును పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము. మన 'జ్ఞా' యను నక్షరమును, కంటికి గనబడని యొక చిహ్నముతో గూర్చి పంపినచో, లోకమంతట నున్న ఐఫోనులలో సందేశముల యాప్‌లు కూలిపోయినవి. తెఱవబోయిన మఱల కూలినవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన దిద్దుబాటు నంపి దానిని చక్కబఱచినది. లోకమున నంతటి వెలగల పరికరము తెలుగు 'జ్ఞానము'లోని తొలి యక్షరమును మోయలేకపోయెనని నాడు మనవారు నవ్వుకొనిరి. నవ్వదగినదే. కాని దానిలో నొక పాఠము గలదు. కోట్లమంది మాటలాడు భాష యైనను, ఆ భాషలో వాడెదమని, వాడి చూచి లోపములను దెలిపెదమని మన మడుగకున్న, చేయువాడు దాని నంత శ్రద్ధతో పరీక్షింపడు. ఫోనును కొనిన మఱుక్షణమే దానిని ఇంగ్లీషునకు మార్చుకొనువారము మనమే. తెలుగు సరిగా లేదని నిట్టూర్చువారమును మనమే.

స్వదేశీ మాట యడుగువారు గలరు. వారికి మా యుత్తరము సూటియైనది. 2014 ప్రాంతమున మైక్రోమాక్సు, కార్బను, లావా వంటి మన కంపెనీల ఫోనులు పల్లెపల్లెన నుండెను. చైనా కంపెనీలు మేలైన ఫోనులను తక్కువ ధరకు దెచ్చుటతోను, 4జీ వెల్లువ వచ్చుటతోను నవి వెనుకబడినవి. జనులు దేశద్రోహులై వానిని విడువలేదు. చేత పట్టిన వస్తువు చక్కగ పనిచేయవలెనని కోరి విడిచిరి. తరువాత 2015లో షావోమి తన తొలి భారతీయ ఫోనును విశాఖపట్టణమున ప్రకటించి, మన శ్రీసిటీలోని కర్మాగారమున దానిని కూర్పించెను. వేలకొలది యాడుబిడ్డలకు పని దొరకినది. అది సంతోషము. కాని ఫోనును కూర్చుట వేఱు, ఫోనులోని ప్రాణమును చేయుట వేఱు. ఐఫోనుకైనను, ఆండ్రాయిడుకైనను ఆ ప్రాణము అమెరికా సంస్థలదే. మద్రాసు ఐ.ఐ.టి. ప్రాపున 2023లో వెలువడిన భారోస్ వంటి ప్రయత్నములను మేము గౌరవింతుము. అయినను ముద్రనుజూచి కొనుడని పాఠకులకు చెప్పము. గుణము లేని స్వదేశీ వస్తువు స్వదేశీయతకే చేటు. గుణమును సంపాదించుటయే నిజమైన దేశసేవ.

మరమ్మతు సంగతి యొకటి మిగిలినది. హైదరాబాదున జగదీశ్ మార్కెట్టులో నొక గంట నిలిచి చూచినవారికి, మన పనివారి నేర్పేపాటిదో తెలియును. పగిలిన యద్దమును, ఉబ్బిన బ్యాటరీని, తడిసిన పలకను వారు చిటికెలో చక్కబఱతురు. సామాన్యుడు 'దీనిని మన యూరిలో బాగుచేయుదురా' యని యడిగి ఫోను కొనుచున్నాడు. ఈ ప్రశ్నలో మాకు కెమేరా కన్నుల లెక్కలో కంటె నెక్కువ వివేకము గనబడుచున్నది. పాత బ్యాటరీలుగల ఐఫోనులను తానే నెమ్మదింపజేయుచుంటినని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో నొప్పుకొనవలసివచ్చెను. ఫోను ముసలిదైనదని క్రొత్తదానిని కొనినవారిలో నెందఱికో బ్యాటరీ మార్చుకొనినచో చాలియుండెడిది. మన కేంద్రప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కునకై కమిటీని నియమించి, యొక పోర్టలును సైత మారంభించినది. ఆ హక్కు కాగితముపై నుండిపోక, విడిభాగములు, మరమ్మతు పద్ధతులు వీథిలోని పనివానికి న్యాయమైన ధరకు దొరకునట్లు చట్టము కావలయును.

కావున కొనబోవువారికి మా మనవి యిది. పేరు నడుగుటకు ముందు నాలుగు ప్రశ్నల నడుగుడు. ఈ ఫోనున కెన్ని యేండ్లు అప్‌డేట్లు వచ్చును? 2023, 2024లలో గూగులు, శాంసంగు సంస్థలు తమ పెద్ద ఫోనులకు ఏడేండ్ల మాట యిచ్చినవి. చవుక ఫోనుల కట్టి మాట యేల యీయరో యడుగుడు. బ్యాటరీ మార్చుటకు మన యూర నెంత యగును? తెలుగును చక్కగ చదివి, వ్రాసి, పలుకునా? రేపు దీనిని విడువదలచినచో నా ఫోటోలను, నా జాబులను సుఖముగ వెంట గొనిపోగలనా? ఈ నాలుగింటికిని సమాధానము దొరకిన పిదప మీ సంచి యొప్పుకొనినదానిని కొనుడు. అది ఐఫోనైనను సరియే, ఆండ్రాయిడైనను సరియే. కాని ఋణము తీరకముందే ఫోను పాతబడునట్టి బేరమున మాత్రము దిగకుడు.

యువకులకు మఱొక మాట. మీ స్నేహితుని ఫోను వెనుక నున్న గుర్తును జూచి యాతనిని తూచకుడు. ఆ గుర్తు వాని గుణమును జెప్పదు. వాని తండ్రి జీతమును జెప్పును, లేదా వాని తండ్రి ఋణమును జెప్పును. ఆ జాబు చదువుకొని యే వ్యవసాయదారుడో, యే బడిపంతులో రాత్రి నిద్రలేక లెక్కలు వేసికొనుచుండును. మనకు తెలియకయే సంచియు, పరిసరమును, అలవాటును మనకొఱకు ఫోను నెన్నుచున్నవి. అడిగి, తూచి, విడువగల స్వేచ్ఛ నుంచుకొని కొనిన నాడే యది మన యిష్ట మనిపించుకొనును. అంతవఱకు ఐఫోను మేలా, ఆండ్రాయిడు మేలా యను వాదమున గెలిచినది, వాదించువారిలో నెవ్వరును గారు, అమ్మినవారే.