రక్షణ ఉచితం సరే, మరి కూలి?

విశ్వాసం వల్లనే రక్షణ, క్రియల వల్ల కాదు. మన పల్లెల్లో చర్చికి పోయే ఏ ముసలమ్మను అడిగినా ఈ మాట చెబుతుంది. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం అని కూడా చెబుతుంది. చదువు రాని మన తల్లులు ఇంత పెద్ద సిద్ధాంతాన్ని నోటికి పట్టుకున్నారంటే ఊరికే కాదు. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్లో, బావి చప్టా తాకనివ్వని ఊళ్లో, దేవుడి దగ్గరకు పోవడానికి డబ్బు అక్కర్లేదు, పుట్టుక అక్కర్లేదు, మధ్యలో పంతులు అక్కర్లేదు అని ఎవరో వచ్చి చెప్పారు. ఆ మాట వాళ్లకు అన్నం అయింది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. మేమూ ఆ చర్చి అరుగుల మీదే అక్షరాలు దిద్దుకున్నవాళ్లం.

మా తగాదా ఆ మాటతో కాదు. ఇవాళ ఆ మాటను ఎవరు, ఎవరి కోసం వాడుతున్నారు అన్నదానితోనే.

మా వైపు ఒక పల్లె సంగతి చెబుతాం. ఊరి పేరు అనవసరం. చదివేవాళ్లకు తమ ఊరే గుర్తొస్తుంది. అక్కడ ఒక పెద్ద ఆసామి ప్రభువును నమ్ముకున్నాడు. ఉజ్జీవ కూటాల్లో స్టేజీ ఎక్కి సాక్ష్యం చెబుతాడు. మంచిదే. కానీ పల్లెవాళ్ల సమాధుల దొడ్డిలో అర ఎకరం ఆయన పొలంలో కలిసిపోయి ఏళ్లయింది. కోత కూలి బాకీ కూడా ఉంది. కుర్రాళ్లు సర్వే చేయించమని తహశీల్దారుకు అర్జీ పెట్టారు. ఇప్పుడు ఆయన చర్చికి శ్లాబు వేయిస్తానంటున్నాడు. క్రిస్మస్‌కు కొత్త శ్లాబు కింద ఆరాధన జరగాలంటే అర్జీ వెనక్కి తీసుకోమని సంఘపెద్దలు కుర్రాళ్ల వెంట పడుతున్నారు. అయ్యగారు ఏమంటున్నారు? ఆ అన్న మారుమనస్సు పొందాడు, పాత లెక్కలన్నీ క్రీస్తు రక్తంలో కడిగివేయబడ్డాయి, మనం తవ్వకూడదు అంటున్నారు.

పాపం కడిగితే పోతుంది. పొలం గట్టు కడిగితే జరుగుతుందా? ఆసామి ఆత్మకు రక్షణ వచ్చింది గానీ ఆయన దున్నుకున్న మన తాతల సమాధులకు రాలేదు. ఇక్కడ విశ్వాసం అనే మాట బాకీ రద్దు చీటీ అయి కూర్చుంది. శ్లాబేమో సత్‌క్రియ అయింది. అంటే క్రియలు అక్కర్లేదని చెప్పేవాళ్లే ఉన్నవాడి క్రియకు దండ వేస్తున్నారు. కూలి ఇవ్వడం ఒక్కటే క్రియల లెక్కలోకి రాదు.

అందుకే ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో మనవాళ్లు తెలుసుకోవాలి. గలతీయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయం తీయండి. అంతియొకయలో పేతురు యూదులు కానివాళ్లతో కలిసి కూర్చుని భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వాళ్లు ఏమనుకుంటారోనని భయపడి పంక్తిలోంచి లేచి పక్కకు పోయాడు. ఆయన్ను చూసి తక్కిన యూదులూ లేచారు. బర్నబా కూడా లేచాడు. అప్పుడు పౌలు అందరి ముందరే పేతురును నిలదీశాడు. విశ్వాసం మూలంగానే మనిషి నీతిమంతుడని తీర్చబడతాడు, ధర్మశాస్త్ర క్రియల మూలంగా కాదు అన్న మాట ఆ తగాదా చెబుతూనే వస్తుంది.

చూశారా అన్నలారా, అక్కలారా? మన రక్షణ సిద్ధాంతం సహపంక్తి తగాదాలో పుట్టింది. ఎవరు ఎవరితో కూర్చుని తినాలి అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టింది. అక్కడ పౌలు వద్దన్న క్రియలు ఏమిటి? సున్నతి, తిండి పట్టింపులు, మావాళ్లు మీవాళ్లు అని గీత గీసే ఆచారాలు. మన భాషలో చెప్పాలంటే మడి, మైల. కూలోడికి కూలి ఇవ్వవద్దని పౌలు చెప్పలేదు. అదే పౌలు కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే కడుపు నింపుకుని లేనివాళ్లను పస్తు పెడుతున్నారని విని, అది ప్రభువు బల్ల కానే కాదని కోప్పడ్డాడు. యెరూషలేములోని పేదల కోసం ఊరూరా చందా పోగు చేశాడు. మాల చర్చి, మాదిగ చర్చి అని విడగొట్టుకుని, ఒకళ్ల పెళ్లి భోజనానికి ఒకళ్లం పోకుండా, విశ్వాసం వల్లనే రక్షణ అని పాడుకుంటున్న మనం కూడా ఆ అధ్యాయం ముందు తల వంచి నిలబడాల్సినవాళ్లమే.

యాకోబు పత్రిక అడిగే క్రియలు వేరే. బట్ట లేనివాడికి బట్ట, ఆకలైనవాడికి అన్నం. అవి లేని విశ్వాసం శవం లాంటిదని ఆయన తీర్పు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన గుడ్డలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టే సంఘాన్ని ఆయన వదిలిపెట్టలేదు. అయిదో అధ్యాయంలో ధనవంతులను పట్టుకుని, చేలు కోసినవాళ్ల కూలి మీరు బిగబట్టారు, ఆ కూలే కేకలు పెడుతోంది, కోతగాళ్ల మొర దేవుడి చెవిన పడింది అని హెచ్చరించాడు. పౌలు మడిని కొట్టాడు, యాకోబు దోపిడీని కొట్టాడు. ఇద్దరికీ పోట్లాట పెట్టి మధ్యలో ఆసామిని తప్పించడం మన అయ్యగార్ల పని కాకూడదు.

చరిత్రలోనూ ఇదే జరిగింది. రోములో సెయింట్ పీటర్ చర్చి కట్టడానికి పాపపరిహార పత్రాలు అమ్ముతుంటే 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు. డబ్బుతో రక్షణ కొనలేరు, విశ్వాసం చాలు అన్నాడు. అంటే విశ్వాసం చాలు అన్న మాట ఉన్నవాడి సంచీ మీద దెబ్బగా వచ్చింది. 1525లో అక్కడి రైతులు ఆ మాటను పట్టుకునే పన్నెండు కోర్కెలు రాశారు. మా పాస్టరును మేమే ఎన్నుకుంటాం, దశమభాగం పాస్టరు పోషణకు పోగా మిగిలింది పేదలకు చెందాలి, క్రీస్తు అందరినీ తన రక్తంతో కొన్నాడు కాబట్టి మేము ఎవరికీ బానిసలం కాము, దొరలు కలుపుకున్న ఊరుమ్మడి భూములు తిరిగి ఇవ్వాలి అన్నారు. మన సమాధుల దొడ్డి కోరిక ఆనాడే కాగితం మీద ఉంది. రైతులు తిరగబడేసరికి లూథర్ దొరల పక్షం చేరాడు. వేల మంది రైతులు చచ్చారు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్‌తో లూథర్ బోధ మన నేలకు వచ్చింది గానీ ఆ రైతుల కోర్కెలు రాలేదు. సిద్ధాంతం తగాదా అంటారా, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులు, లూథరన్లు కలిసి సంతకాలు పెట్టారు. రక్షణ కృప వల్లనే, మంచి క్రియలు దానికి ఫలం అని ఒప్పుకున్నారు. ఫలం లేని చెట్టును ఏమనాలో మన రైతుకూలీలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మన పెద్దల విశ్వాసం ఎలా ఉండేది? 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. ఒంగోలు ప్రాంతంలో ఊరూరా తిరిగి సువార్త చెప్పినవాడు. ఆనాడు చేరేవాళ్లకు క్లౌ దొర పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలు. కానీ ఆదివారం పనికి రానంటే కామందుకు ఎదురు చెప్పడమే. గొడ్డు మాంసం మానేస్తే వెట్టికి బదులు దక్కే తిండి వదులుకోవడమే. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ ఎదురు నిలబడటమే. అందుకు దెబ్బలు తిన్నారు, బావులు మూశారు, పనులు పోయాయి. వాళ్లకు విశ్వాసమే క్రియ. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని పెట్టించాడు. ముష్టి వేయలేదు, కూలి ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండికి అమ్ముడుపోయారని ఇప్పటికీ వెక్కిరించేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

అంత ధైర్యంగా మొదలైన విశ్వాసం ఎక్కడ మెత్తబడింది? అంబేడ్కర్ క్రైస్తవుల గురించి రాస్తూ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టాడు. అంటరానివాడి పతనానికి కారణం వాడి చుట్టూ ఉన్న సమాజమని చెప్పకుండా, ఎప్పటి ఆదామో చేసిన పాపమని చెబితే, మారినవాడికి ఆ సమాజంతో పోరాడాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది అని ఆయన బాధ. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికినవాళ్లు కులం చూశారు గానీ విశ్వాసం చూడలేదు.

ఇప్పుడు ఇంకో బోధ వచ్చింది. విశ్వాసం ఉంటే డబ్బు వస్తుందట. డబ్బు రాలేదంటే విశ్వాసం చాలలేదట. కవరులో కానుక పెట్టి పేరు రాస్తే నూరంతలు తిరిగి వస్తుందట. లూథర్ చించమన్న పత్రాలే కవర్లయి తిరిగొచ్చాయి. చిట్టీ డబ్బు, డ్వాక్రా అప్పు డబ్బు కూడా ఆ కవర్లలోకి పోతోంది. విధవరాలి రెండు కాసుల కథ చెప్పి మన అమ్మల కొంగుముడి విప్పిస్తారు. మార్కు పన్నెండో అధ్యాయంలో ఆ కథకు ముందు మాట చదవరు. అక్కడ యేసు దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లు మింగేవాళ్లను జాగ్రత్తగా కనిపెట్టమన్నాడు. కథ అయిన వెంటనే, ఆమె కాసులు వేసిన ఆ దేవాలయమే రాయి మీద రాయి లేకుండా పోతుందన్నాడు.

కాబట్టి ఆ పల్లె కుర్రాళ్లకు మేము చెప్పేది ఇదే. అర్జీ వెనక్కి తీసుకోవద్దు. ఆసామిని ద్వేషించనూ వద్దు. ఆయనకు జక్కయ్య కథ చదివి వినిపించండి. జక్కయ్య చర్చి కట్టించలేదు. ఆస్తిలో సగం పేదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ మాట విన్నాకే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. తిరిగి ఇవ్వడం రక్షణకు ధర కాదు, రక్షణ వచ్చిందనడానికి గుర్తు. మత్తయి సువార్త ప్రకారం సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు పోయి అతనితో సమాధానపడాలి. ఆసామి ముందు అర ఎకరం వదలాలి, కూలి బాకీ తీర్చాలి. శ్లాబు మాట తర్వాత. అందాకా రేకుల కిందే ఆరాధన చేద్దాం. మన తాతలు చెట్టు కింద చేసుకున్నారు.

ప్రతి సంఘంలోనూ మూడు పనులు మొదలుపెట్టాలి. ఒకటి, కానుకల లెక్క నెలకోసారి అందరి ముందు చదవాలి. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆడవాళ్లు ఆ లెక్క చూసే కమిటీలో ఉండాలి. రెండు, ఆ డబ్బులో ఒక భాగం పిల్లల చదువుకు, కోర్టు ఖర్చులకు, జబ్బుపడ్డ కూలీలకు విడిగా తీయాలి. మూడు, మాల మాదిగ సంఘాలు ఏడాదికి ఒక్కసారైనా ఒకే పంక్తిలో కూర్చుని తినాలి, రెండు పల్లెల వంటవాళ్లూ కలిసి వండాలి.

వచ్చే సంఘ కూడికలో ఈ మూడూ అడగండి. అయ్యగారు కాదంటే గలతీ పత్రిక రెండో అధ్యాయం గట్టిగా చదవమనండి. ఏం జవాబు వచ్చిందో పత్రికకు ఒక కార్డు రాయండి.