ప్రాత వాద్యము నమ్మువాడు చెప్పవలసిన మాట

ప్రాత వస్తువు నమ్మువాడు దాని లోపములను తానై చెప్పవలెనా, లేక కొనువాని కన్నులకు విడిచిపెట్టవలెనా? ఈ ప్రశ్న మాకు ఒక బాసు గిటారు మూలమున ఎదురైనది. మా పినతండ్రిగారు 1971లో చదువునకై అమెరికా వెళ్లి అక్కడనే స్థిరపడిరి. విద్యార్థిగా నుండగా కొన్న 1964వ సంవత్సరపు ఫెండర్ ప్రెసిషన్ బాసును మనుమరాలి చదువు ఖర్చులకై అమ్మదలచి, మా సలహా అడిగిరి.

పూర్వము బాసు స్వరమునకై మనిషికంటె ఎత్తైన వయొలిన్ జాతి వాద్యమును మోసికొని పోవలసియుండెను. తక్కిన వాద్యముల హోరులో దాని నాదము వినబడుటయు కష్టమే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండరను నాతడు 1951లో నాలుగు తీగల విద్యుత్ బాసును విక్రయమునకు తెచ్చెను. మన వీణకువలె దీనికి మెట్లుండుటచేత స్వరము తప్పదు. ప్రెసిషన్ అను పేరు అందుండియే వచ్చినది. దీనిని కల్పించినవానికి గిటారు వాయించుట రాదనిన మన విద్యార్థులు నవ్వుదురేమో! ఆతడు 1965లో తన సంస్థను సి.బి.ఎస్. కంపెనీకి అమ్మివేసెను. అంతకు ముందటి వాద్యములకు నేడు గిరాకి మెండు.

సంతలో ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పినట్లు దీని వయస్సు చెప్పుటకును గుఱుతులు గలవు. మెడను బిగించు నాలుగు మరల బిళ్లపై సంఖ్య యుండును గాని, బిళ్లలను వరుస తప్పి బిగించుచుండిరి గనుక అది యొక్కటియే చాలదు. మరలు విప్పి మెడ మొదలును చూచినచో ముద్రవేసిన తేదీ కనబడును. నాదమును హెచ్చించు బొత్తాముక్రింద నుండు పొటెన్షియోమీటరుపై అంకెలు గలవు: 137తో మొదలైనది సి.టి.ఎస్. వారు చేసినది, 304తో మొదలైనది స్టాక్‌పోల్ వారు చేసినది. పిమ్మట సంవత్సరమును వారమును తెలియును. టంకపు అతుకులు కదలినవా లేదా యనియు కొనువారు పరీక్షింతురు.

ఇవన్నియు సరిపోయినవి. లోప మొక్కటే: యౌవనమున ఆయన, నడుమ పసుపును అంచున నలుపును గల అసలు రంగును గీకివేసి, అంతటను నల్లరంగు పూసిరి. రంగు మార్చిన వాద్యము వెల సుమారు సగమునకు పడిపోవునని వ్యాపారస్థులు లెక్కించుట వాడుక. పెచ్చులూడిన అసలు రంగునకు ఎక్కువ ధర, నిగనిగలాడు క్రొత్తరంగునకు తక్కువ ధర! ఇది మాకు ఇప్పటికిని వింతగానే యున్నది. అసలు రంగువలె పూసి, అరిగినట్లు చేసియిచ్చు పనివాడొకడు ఆయనకు దొరకెను. “నాయనా, నేను అబద్ధమాడను, అడుగనిదానికి జవాబు చెప్పను, అంతే” అని వ్రాసిరి.

మేము దీనికి ఒప్పుకొనలేదు. సంతకు తోలుకొనిపోవు ఎద్దును కడిగి కొమ్ములకు రంగు వేయుట అందఱెఱిగిన ఆచారము. అందువలన ఎవడును మోసపోడు. కుంటికాలిని కప్పిపుచ్చుట వేఱు. పనిగట్టుకొని అరగదీసిన రంగు ఆ రెండవ జాతిలోనిది. కొనువానికి అనుమానము పుట్టకుండ జేయుటయే దాని పని. ప్రశ్న పుట్టకుండ జేసి, ప్రశ్న యడుగలేదని తప్పించుకొనుట యెట్లు? నాదములో భేదము లేదుగదా యని ఆయన వాదించిరి. అది నిజమే కావచ్చును. కాని కొనువాడు అధికధన మిచ్చుట నాదమునకు మాత్రమే కాదు, 1964లో కర్మాగారము వెడలిన రూపమునకు. అతడును ఏండ్ల తరబడి కూడబెట్టిన వాద్యగాడు కావచ్చును.

నల్లరంగును ముట్టవలదనియు, మార్చినదెల్ల ప్రకటనలో ముందుగనే తెలుపవలెననియు, లోపలి అంకెల ఛాయాచిత్రములు జతపరుపవలెననియు వ్రాసితిమి. బిరడలు మార్చినప్పుడు తీసిన ప్రాతవానిని ఆయన ఒక రేకుడబ్బాలో దాచియుంచిరట. వానికి విలువ గలదు, వాద్యముతో నియ్యవలెను. మెట్లక్రింది పలక బ్రెజిల్ రోజువుడ్ అయినచో, 1992 నుండి ఆ కలప వ్యాపారమునకు అంతర్జాతీయ కట్టడి యున్నది గనుక, అనుమతిపత్రము లేక పరదేశపు కొనుగోలుదారునకు పంపరాదు.

మూడు వారములు ఆయన జవాబు వ్రాయలేదు. పిమ్మట ప్రకటన నకలు పంపిరి. అందు మొదటి వాక్యము, “ఈ నల్లరంగు నేను పూసినది” యని. ఇంతవరకు వచ్చిన బేరములు ఆయన ఆశించినదానికి తక్కువే. మనుమరాలి రుసుము కట్టుటకు ఇంకను రెండు నెలల గడువున్నది.