గంట గొట్టువాని కాగితము

పాఠశాలలో గంట గొట్టు బంట్రోతునకును ఆలోచనలు కలవు. ప్రొద్దున గదు లూడ్చును. సాయంకాలము దేవునియెదుటఁ దన మొఱ తెలుఁగునఁ జెప్పుకొనును. తర్జుమా తెమ్మని దేవుఁ డెన్నఁడు నడుగలేదు. విద్యాశాఖ కచేరియో, సంజాయిషీ యడుగు కాగితమును తఱచుగా ఇంగ్లీషుననే పంపును. ఆతఁడు దానిక్రిందఁ దెలుఁగునఁ జేవ్రాలు చేయును; అర్థము తెలియునప్పటికి గడువు దాటును!

తెలుఁగును అధికారభాషగాఁ జేసిన శాసనము 1966 నాఁటిది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆఱవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధింపఁగా, 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువులను గొట్టివేసినది. బిడ్డల బోధనభాషకై న్యాయస్థానమున కెక్కినవా రుండిరి. ఈ నౌకరు కాగితమున కెవ్వరు గలరు? చదువఁజాలని యభియోగమునకు బదులు చెప్పుమనుట న్యాయమని మే మొప్పుకొనము. విద్యాధికారులారా, నౌకరు చేవ్రాలు గోరు ప్రతి కాగితమును దెలుఁగున వ్రాయుఁడు. సంజాయిషీ నోటీసులతోనే యారంభింపుఁడు.