మోషే తల్లికి జీతం ఎవరిచ్చారు?



ఈ వారం ధ్యానానికి నిర్గమకాండము రెండవ అధ్యాయం తెరిచాం. జమ్ము పెట్టెలోని పసివాణ్ణి ఫరో కుమార్తె చూసింది. ఆమెకు మేడలున్నాయి, దాసీలున్నారు. బిడ్డను నేరుగా అంతఃపురానికి తీసుకుపోవచ్చు. కానీ గట్టున కాపు కాసిన అక్క ధైర్యం చేసి ముందుకొచ్చి మాట్లాడింది. బిడ్డ కన్నతల్లి ఒడికే తిరిగి చేరాడు. పెంచినందుకు ఆ తల్లికి జీతం కూడా ముట్టింది. ఇచ్చింది రాజగృహం, పుచ్చుకుంది పేదింటి తల్లి.

ఈ వాక్యం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. చేసింది మాత్రం దానికి విరుద్ధం. దేవుని ఎదుట, మీ ఎదుట ఒప్పుకుంటున్నాం.

రెండేళ్ల క్రితం మన సంఘంలో ఒక సహోదరి భర్తను పోగొట్టుకుంది. మిరప కోతలకు, పత్తి తీతలకు పోయే మనిషి. ఇద్దరు పిల్లలు. "అయ్యగారూ, వీళ్లని ఎక్కడైనా హాస్టల్లో చేర్పించండి, మీరొక లెటర్ రాసివ్వండి" అని వచ్చింది. రాసిచ్చాం. ప్రార్థన చేసి బస్సెక్కించాం. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చిన చిన్నవాడు రాత్రి తల్లిని అడిగాడట, "అమ్మా, నేను ఎక్కడ పడుకోవాలి?" అని. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క గదే. అందులో తన చోటేదో వాడికి తెలియలేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మాకు మనశ్శాంతి లేదు.

వాడు అనాథ కాదు. తల్లి బతికే ఉంది. లేనిది డబ్బు. లేమికి మనం అనాథ అని పేరు పెట్టాం.

చట్టం మనకంటే నయంగా ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని చూసుకునే మొదటి బాధ్యత కుటుంబానిది, ఆశ్రమం చివరి దారి మాత్రమే. మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ పేరుతో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు, బంధువుల ఇళ్లలో పెరిగే అనాథలకు, ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నవారి పిల్లలకు ఇది వర్తిస్తుంది. పల్లెల్లో ఇంటి ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ఆ సహోదరికి ఈ సంగతి తెలియదు. మాకూ తెలియదు. తెలియకపోవడం మా తప్పు. తెలియజేయకపోవడం ప్రభుత్వం తప్పు.

పెద్దల పింఛను ఒకటో తారీఖున గుమ్మం దగ్గరకే వస్తోంది. మంచిదే. మరి బిడ్డ సాయం కోసం తల్లి ఎందుకు తిరగాలి? మరణ ధ్రువపత్రం ఒకచోట, ఆదాయ పత్రం ఇంకోచోట. అమరావతి నుంచి సత్తెనపల్లి మీదుగా నరసరావుపేట పోయి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ప్రభుత్వాన్ని మూడు విషయాలు అడుగుతున్నాం. దరఖాస్తు ఊళ్లో సచివాలయంలోనే తీసుకోవాలి. డబ్బు పింఛనులాగే చెప్పిన తేదీకి పడాలి. పేదరికం వల్ల ఏ బిడ్డనైనా ఆశ్రమంలో చేర్చే ముందు, ఆ తల్లికి సాయం అందిందా లేదా అని బాలల సంక్షేమ కమిటీ తప్పనిసరిగా అడిగి రాయాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. తోటి సేవకులారా, నొచ్చుకోకండి. ఆశ్రమం కడితే బోర్డు కనిపిస్తుంది, దాతలకు ఫొటో వెళ్తుంది. ఒక విధవరాలి ఇంటికి బియ్యం బస్తా చేరిస్తే ఫొటో ఉండదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర మళ్లీ చదవండి. అనాథలను, విధవరాండ్రను ఒక్కచోటే చెప్పాడు. మనమే వాళ్లను విడదీసి పిల్లల్ని హాస్టల్‌కి, తల్లిని కూలికి పంపుతున్నాం.

"సమూయేలు మందిరంలో పెరగలేదా?" అని ఒక సేవకుడు మమ్మల్ని అడిగాడు. పెరిగాడు. కానీ హన్నా అన్నం పెట్టలేక ఇవ్వలేదు, మొక్కుకుని ఇచ్చింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లింది. దిక్కులేక ఇచ్చే తల్లికీ ఆమెకూ పోలికేమిటి?

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. పెద్దల చేతికి కూలి అందితే పిల్లలకు ఇంట్లోనే ముద్ద దొరుకుతుంది. మన పితరులకు తెలిసిన దారే ఇది.

ఇంట్లో తాగుడు, దెబ్బలు, అంతకంటే ఘోరాలు ఉన్న పిల్లలూ ఉన్నారు. వాళ్లని ఆ ఇంట్లోనే ఉంచమని మేము చెప్పం. ఎవరూ లేనివాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం చట్టంలో ఫోస్టర్ కేర్ ఉంది. అంటే కమిటీ ఉత్తర్వుతో వేరే కుటుంబం ఆ బిడ్డను తన ఇంట్లో పెంచడం. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు 35 నుంచి 60 ఏళ్ల ఒంటరివారికీ ఆ అవకాశం ఇచ్చాయి. ఎస్తేరును పెంచిన మొర్దెకై మీద ఏటా ప్రసంగం వింటాం. మన సంఘంలో ఒక్క మొర్దెకై లేడా?

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఆగండి. మన ఊళ్లో భర్త లేని తల్లుల జాబితా రాద్దాం. వాళ్ల కాగితాలు సిద్ధం చేయడానికి చదువుకున్న యౌవనులు ముందుకు రావాలి. నరసరావుపేటకు ఆ తల్లులతో పాటు మేమూ వస్తాం. డబ్బు పడేదాకా బియ్యం ఖర్చు సంఘానిది. ఆ ఇద్దరు పిల్లల దరఖాస్తే మొదటిది. హాస్టల్‌కి లెటర్ రాసిన చేత్తోనే అదీ రాస్తాం.

ఆ గట్టున నిలబడిన అక్కలా మన సంఘం కాపు కాసి, సమయానికి నోరు తెరిచి అడిగే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.