మన జాడ చెప్పేది ఎవరు?

పిల్లలూ!

పోయిన నెల నీడను చూసి పొద్దు తెలుసుకోవటం ఎట్లాగో చెప్పాను. ఈ నెల ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరిగే సెల్‌ఫోను సంగతి చెబుతాను.

నేను పనిచేసిన బడిలో చదివే ఒక అమ్మాయి మొన్న వేసవిలో నాకొక ఫోటో పంపింది. నల్లటి మేకపిల్ల, నుదుట తెల్లని మచ్చ, నోట్లో వేపరెమ్మ. చాలా బాగున్నది. ఫోటో మసక బారకుండా వుండాలని ఎవరో చెప్పగా, మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటు రూపంలో పంపింది. నేను దాన్ని తెరిచి, వివరాలు అనే చోట వేలు పెట్టాను. ఒక మ్యాపు వచ్చింది. దాన్ని పెద్దది చేసేసరికి చెరువు, కట్ట, దాని కింద ఒక చిన్న వీథి, వీథిలో ఒక ఇంటిమీద ఎర్రని చుక్క!

ఫోను చేసి అడిగాను: "ఏం పాపా, మీ ఇల్లు చెరువుకట్ట దిగగానే ఎడమచేతి వైపు రెండోది గదా?"

కాసేపు పలుకు లేదు. "మా వూరికి ఎప్పుడొచ్చినారు సార్?" అన్నది.

"నేను రాలేదు. నీ మేకపిల్ల చెప్పింది."

ఆ పిల్ల పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "సార్, ఈ ఫోటో ఒక గ్రూపులో గూడా ఇట్లే పెట్టినాను" అన్నది. ఆ గ్రూపులో రెండు వందల మందికి పైగా వున్నారట. వాళ్లలో తనకు తెలిసినవారు నలుగురో అయిదుగురో. ఫోటో కింద ఏం వ్రాసిందో తెలుసునా? అమ్మా నాయనా బెంగుళూరికి పనికి పోయారనీ, తానూ తమ్ముడూ అవ్వా ముగ్గురే ఇంట్లో వుండి దీన్ని సాకుతున్నామనీ!

మన అనంతపురం సీమలో వాన ముఖం చాటేసి, వేరుశనగ ఎండిపోయిన ఏడు, ఇట్లా అవ్వల దగ్గర పిల్లలు మిగిలిన ఇళ్లు ప్రతి పల్లెలోనూ వుంటాయి. ఆ అమ్మాయి వ్రాసినదాంట్లో తప్పేమీ లేదు, అంతా నిజమే. కాని ఆ నిజం పక్కన ఇంటి గుర్తు గూడా వుండటమే చిక్కు. అప్పటికప్పుడు ఆ ఫోటో తీసివేయించాను. ఈ లోపల ఎవరెవరు దాచుకున్నారో ఎవరు చెప్పగలరు? అదృష్టం కొద్దీ చెడేమీ జరగలేదు.

సరే, ఫోనుకు తానున్న చోటు ఎట్లా తెలుస్తుంది?

మీ బడి ఆవరణలో మూడు గుంజలు పాతండి. ఒక్కొక్క గుంజకు ఒక్కొక్క తాడు కట్టండి. మొదటి గుంజకు పది అడుగుల దూరంలో నిలబడమంటే దాని చుట్టూ ఎక్కడైనా నిలబడవచ్చు. రెండో గుంజకు పన్నెండు అడుగులు అని గూడా అంటే రెండే చోట్లు మిగులుతాయి. మూడో తాడు గూడా కలిపితే ఒక్క చోటే. ఆడి చూడండి, సరదాగా వుంటుంది.

భూమిని కొలిచేవాళ్లు కూడా ఇట్లాగే త్రిభుజాలతో పని జరిపించారు. కాని వాళ్లు ఒక పక్కను గొలుసుతో కొలిచి, మిగిలినవి కోణాలతో కట్టేవారు. 1811లో లాంబ్‌టన్ అనే దొర మన గుత్తి దగ్గరే అటువంటి ఒక ఆధారరేఖను కొలిపించాడు. కొండలెక్కి, జెండాలు పాతి, బరువైన పరికరాలు మోయించి చేసిన ఆ పనిని ఇప్పుడు మీ నాయన ఫోను చొక్కా జేబులోనే చేసేస్తున్నది.

దానికి గుంజలు ఆకాశంలో వున్నాయి. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "ఇప్పుడు నా గడియారంలో ఇంత సమయం, నేనున్నది ఇక్కడ" అని ఎడతెగకుండా చెబుతుంటాయి. మన దేశానికీ నావిక్ అనే సొంత ఏర్పాటు వున్నది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే ఎగరవేశారు. ఆ పలుకు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది గనుక, ఎంతసేపట్లో వచ్చిందో తెలిస్తే దూరం తెలిసినట్టే. సెకనులో పదిలక్షలో వంతు తప్పితే చాలు, దూరం 300 మీటర్లు తప్పుతుంది. మన ఫోనులోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు. ఆ తేడా సరిచేసుకోవటానికి మూడు చాలక నాలుగో ఉపగ్రహం గూడా కావాలి.

ఇక్కడ చాలామంది పెద్దలు గూడా పొరబడతారు. ఉపగ్రహం మనల్ని చూస్తున్నదని అనుకుంటారు. అది ఉత్తమాట! అనంతపురం రేడియో స్టేషనువారు పాట వేస్తే మీ ఇంట్లో వింటారు. మీరు వింటున్నట్టు స్టేషనువారికి తెలుస్తుందా? తెలియదు. ఉపగ్రహమూ అంతే. చెబుతుంది, వినదు. విని లెక్క కట్టేది మీ ఫోను. లెక్క కట్టి, లోపల వున్న యాప్‌లలో మీరు సరే అన్నవాటికి చెప్పేదీ అదే. ఆ యాప్ దాన్ని ఇంకెవరికి చెబుతుందో ఆ యాప్‌కే ఎరుక.

అందుచేత మూయవలసిన తలుపు ఫోనులోనే వున్నది. ఒకటి కాదు, కొన్ని వున్నాయి.

ఫోను పైనుంచి వేలితో కిందికి లాగితే లొకేషన్ అనే మీట వుంటుంది. దాన్ని ఆపితే యాప్‌లకు జాడ అందటం చాలావరకు ఆగుతుంది. కాని మ్యాపుకోసం మళ్లీ వేస్తారు, ఆపటం మరిచిపోతారు. నా మట్టుకు నేను సెట్టింగ్స్‌లో లొకేషన్ తెరిచి, అక్కడి యాప్‌ల పట్టీని ఒక్కొక్కటే చూడటం మేలంటాను. "ఎల్లప్పుడూ", "వాడుతున్నప్పుడు మాత్రమే", "ప్రతిసారీ అడుగు", "వద్దు" అనే అర్థం వచ్చే మాటలు వుంటాయి. టార్చిలైటుకు మీ వూరితో ఏం పని? వద్దు. బంతులు పేల్చే ఆటకు? వద్దు. వాన సంగతి చెప్పే యాప్‌కు మీ ప్రాంతం తెలిస్తే చాలు, మీ గడప తెలియనక్కర లేదు. ఖచ్చితమైన చోటు అనే మీటను ఆపితే అది సుమారుగా మాత్రమే తెలుసుకుంటుంది. ఐఫోనులో ఇదంతా ప్రైవసీ అనే చోట, లొకేషన్ సర్వీసెస్ కింద వుంటుంది.

కెమెరాకు వేరే మీట. మేకపిల్ల గుట్టు బయటపెట్టింది అదే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపండి.

ఇక గూగుల్‌లో మీరు తిరిగిన చోట్లన్నీ వ్రాసిపెట్టే లొకేషన్ హిస్టరీ అనేది వున్నది. ఇప్పుడు దాన్ని టైమ్‌లైన్ అంటున్నారు. దాన్ని ఆపినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే ఇంకొక మీట ద్వారా కొన్ని చోట్లు నమోదవుతూనే వున్నాయని 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఆపామని జనం అనుకున్నారు, ఆగలేదు! 2022 నవంబరులో ఆ కంపెనీ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకున్నది. కనుక రెండు మీటలూ చూడండి.

ఇన్ని ఆపినా, ఫోను పనిచేస్తున్నంతసేపూ మీరు ఏ టవరు కింద వున్నారో సిమ్ము కంపెనీకి తెలుస్తూనే వుంటుంది. తెలియకపోతే మీకు వచ్చే కాల్ ఎక్కడికి పంపాలి?

"అయితే ఎప్పుడూ ఆపే వుంచాలా సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. అక్కరలేదు. వాళ్ల మామ గొర్రెలు తోలుకొని మేత వెతుక్కుంటూ నెలల తరబడి పోతాడు. పుణేలోని ఉష్ణదేశ వాతావరణ శాస్త్ర సంస్థ చేసిన దామిని అనే యాప్ దగ్గరలో పడే పిడుగుల సంగతి ముందుగా చెబుతుంది. మనమెక్కడున్నామో తెలియకపోతే అది ఏ పిడుగని చెబుతుంది? బయట మైదానంలో మందతో నిలబడ్డ మనిషికి ఆ మీట వేసి వుండటమే క్షేమం.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఎక్కడున్నారో చూసుకోవాలని మీకుంటుంది. చూసుకోండి, కాని వాళ్లకు చెప్పి చూసుకోండి. మనిషి జాడ చిన్న విషయమేమీ కాదు. నేరం మోపబడి బెయిలు మీద విడుదలయ్యే మనిషి గూడా గూగుల్ మ్యాపులో తన జాడ పోలీసులకు తెలిసేటట్లు పెట్టాలనే షరతు చెల్లదని సుప్రీంకోర్టు 2024 జూలై 8న చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కు అని అదే కోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24ననే తీర్పు ఇచ్చి వున్నారు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, పద్ధెనిమిది ఏళ్లు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి వుండాలని వ్రాశారు. అంటే యాప్ అడిగినప్పుడు సరే అనవలసింది మీరు. చదవకుండా సరే అనే చెయ్యి మనదే గదా!

పిల్లలూ, ఈ నెల మీకు పని. ఇంట్లో పెద్దల్ని అడిగి ఫోను తీసుకొని, జాడ తెలుసుకుంటున్న యాప్‌లు ఎన్నో లెక్కపెట్టండి. అందులో నిజంగా అవసరమైనవి ఎన్నో పక్కన వేయండి. ఆ రెండు అంకెలూ ఒక కార్డు మీద వ్రాసి పంపండి. వీథి పేరు వ్రాయకపోయినా ఫరవాలేదు.

ఆ అమ్మాయి ఫోటో మళ్లీ పంపింది. వివరాలలో వేలు పెట్టాను. తేదీ వున్నది, సమయం వున్నది, మ్యాపు లేదు. మేకపిల్లకు కొమ్ములు మొలుస్తున్నాయి.