టెర్రస్ మీద పార్లమెంటు

సర్ బెంజమిన్ స్టోన్ బర్మింగ్‌హామ్ గాజు వ్యాపారి. 1895లో ఆ నగరపు తూర్పు నియోజకవర్గం నుంచి కన్సర్వేటివ్ సభ్యుడిగా బ్రిటిష్ కామన్స్ సభకు వెళ్లారు. 1910 దాకా అక్కడే ఉన్నారు. ఆయన ప్రసంగాలను ఇవాళ ఎవరూ తలుచుకోరు. ఆయన పేరు నిలబెట్టింది కెమెరా.

సభ నడుస్తుండగా లోపల ఫోటోలు తీయడానికి అప్పట్లో వీలుండేది కాదు. దాంతో థేమ్స్ ఒడ్డునున్న టెర్రస్సే ఆయనకు స్టూడియో అయింది. సభ్యులు అతిథులను వెంటబెట్టుకుని టీకి వచ్చే చోటది. పట్టపగటి వెలుతురు, వెనక రాతిగోడ, ఎదురుగా స్టాండు మీద బరువైన కెమెరా. పొడవాటి టోపీ, నల్లకోటుతో మనిషి కదలకుండా నిలబడతాడు. పక్కకు వాలడం, చెంపన చెయ్యి చేర్చడం లాంటి స్టూడియో వయ్యారాలేవీ ఉండవు.

ఈ నిరాడంబరత నాకు చాలా ఇష్టం. అంతకన్నా ఇష్టమైనది ఆయన చూపు. మంత్రిని నిలబెట్టిన శ్రద్ధతోనే సభ ఉద్యోగులనూ, తలుపు దగ్గరి కావలివాళ్లనూ, పోలీసులనూ నిలబెట్టారు. మంత్రుల ముఖాలు ఎక్కడైనా దొరుకుతాయి. విక్టోరియా కాలం చివర్లో ఆ గుమ్మం కాచినవాడి ముఖం కావాలంటే మాత్రం స్టోన్ దగ్గరికే వెళ్లాలి.

అందమైన బొమ్మల కోసం కాదు, రాబోయే తరాలకు దాఖలాగా ఉండాలని తీశారాయన. అందుకే ఖరీదైనా, తేలిగ్గా వెలిసిపోని ప్లాటినం ప్రింట్లను ఎంచుకున్నారు. 1897లో నేషనల్ ఫోటోగ్రాఫిక్ రికార్డ్ అసోసియేషన్ స్థాపించి, పల్లెల పండుగలనూ ఆచారాలనూ అలాగే నమోదు చేయించారు. 1906లో వచ్చిన ఆయన పుస్తకం రెండు సంపుటాల్లో ఒకటి వేడుకలకు, రెండోది పార్లమెంటుకు.

లోటు లేకపోలేదు. టెర్రస్ మీద అందరూ పెద్దమనుషుల్లాగే కనిపిస్తారు. ఐర్లండ్ మీద లోపల చెలరేగిన వాగ్వాదాల జాడ ఈ ఫోటోల్లో కనిపించదు. మన దేశపు మంచిచెడ్డలు తేల్చిందీ ఆ సభే. 1895 నుంచి 1903 దాకా భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న లార్డ్ జార్జ్ హామిల్టన్ అందులో సభ్యుడు. స్టోన్‌తోపాటే 1895లో గెలిచిన బొంబాయి పార్సీ మంచేర్జీ భావ్‌నగ్రీ కూర్చున్నదీ అక్కడే. కాబట్టి ఆ టెర్రస్ మనకు పరాయి చోటు కాదు. మన చరిత్రకారులు ఈ ఫోటోలను ఇంకా చాలా దగ్గరగా చూడాలి.

అసోసియేషన్ 1910లో మూతపడింది. స్టోన్ 1914లో పోయారు. ఆయన ప్రింట్లు 20 వేలకు పైగా బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.